రంగు లేని రేకు, ఉప్పు గాలి

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది తెల్లవారుజామున కాసిమేడు హార్బర్‌లో చేపల లోడ్ ఎత్తి వచ్చినవాళ్ళే. నిద్ర మానుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. మాది నెల్లూరు పక్కన పల్లె, ఇరవై రెండేళ్ళుగా చెన్నై తండయార్‌పేటలో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతున్నాను. ఈ మధ్య షెడ్డుకి వచ్చే కుర్రాళ్ళు ఫోన్‌లో టెస్లా కంపెనీ కరెంటు పికప్ సైబర్‌ట్రక్ వీడియో చూపించి, "అన్నా, దానికి రంగే లేదు, తుప్పే పట్టదంట, మన పికప్‌కి కూడా రంగు గీకేసి స్టీల్ రేకు కొట్టేద్దామా" అని అడుగుతున్నారు. ఇంకొందరిది దీనికి పూర్తిగా ఎదురు, ఉన్న రంగు మీద సెరామిక్ కోటింగ్ కావాలి, దాని మీద మళ్ళీ ఫిల్మ్ కావాలి. రెండు రకాల వాళ్ళూ బండి పైభాగమే చూస్తున్నారు. తుప్పు మాత్రం కింద, లోపల, మనం చూడని చోట తన పని చేసుకుపోతుంటుంది. నా బాధంతా అదే.

ఆ బండి రేకు స్టెయిన్‌లెస్ స్టీల్. స్టెయిన్‌లెస్‌కి పూత లేదనుకోవడం తప్పు. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రేకు మీద ఒక పొర కడుతుంది. తల వెంట్రుక మందాన్ని పదివేల ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంత ఉంటుందో, దానికంటే పలచని పొర అది. గీత పడితే తనంతట తనే మళ్ళీ కట్టుకుంటుంది. మామూలు పెయింట్‌కి లేని గుణం ఇది, దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే ఆ పొరకి ఒక శత్రువు ఉంది, ఉప్పులో ఉండే క్లోరైడ్. అది పొరని అక్కడక్కడ చిన్న చిన్న చుక్కలుగా పొడిచేస్తుంది, ఆ చుక్క లోపలికి గుంటలా దిగుతుంది. మన వంటపాత్రల రకం 304, అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 316 రకంలో వాటితో పాటు రెండు మూడు శాతం మాలిబ్డినం కూడా ఉంటుంది, సముద్రం పక్కన అది ఎక్కువ కాలం నిలబడుతుంది, ధర కూడా ఆ మేరకు ఎక్కువే. రాయపురంలోనో ఎన్నూరులోనో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటికి 304 గేటు పెట్టించుకున్నవాళ్ళని అడగండి, కొన్నాళ్ళకే టీ మరకల్లాంటి మచ్చలు వస్తాయి.

సైబర్‌ట్రక్ మొదటి బళ్ళని 2023 నవంబర్ 30న అమెరికాలో కొన్నవాళ్ళ చేతికిచ్చారు. ఆ తర్వాత నాలుగు రోజులకే మిచాంగ్ తుఫాను మన చెన్నైని ముంచింది, అందుకే నాకు ఆ తేదీ బాగా గుర్తుండిపోయింది. 2024 మొదట్లోనే కొందరు ఓనర్లు రేకు మీద నారింజ రంగు చుక్కలు వస్తున్నాయని ఫొటోలు పెట్టారు. అది రేకు తుప్పు కాదు, పైన పడ్డ ఇనుప రజను పట్టిన తుప్పు, తుడిస్తే పోతుంది అని ఆ కంపెనీ ఇంజనీరు ఒకాయన చెప్పాడు. నేను ఆ మాట నమ్ముతాను, ఎందుకంటే నా షెడ్డులో రోజూ చూసేదే, పక్క బండికి గ్రైండర్ కొడితే ఎగిరిన రవ్వలు స్టెయిన్‌లెస్ మీద పడి మర్నాటికి ఎర్రగా అవుతాయి. కానీ ఆ బండి మాన్యువల్‌లోనే ఏం రాశారంటే, పక్షి రెట్ట, చచ్చిన పురుగులు, చెట్ల జిగురు, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు పడితే వెంటనే తీసేయమని. తుడిచే ఓపిక ఉన్నవాడికే ఆ రేకు పనికొస్తుంది. ఇంకో ఇబ్బంది, సొట్ట పడితే లప్పం పెట్టి మూయలేం, పైన రంగు లేదు కాబట్టి అంతా కనిపించిపోతుంది.

దీనికంటే ముందు 1981 నుంచి 83 వరకు డెలోరియన్ అని ఒక కారు వచ్చింది, దాని ఒళ్ళంతా 304 రేకే. ఆ కార్లలో చాలావాటికి రేకులు ఇప్పటికీ బాగానే ఉన్నాయి. అడుగున ఫ్రేమ్ మాత్రం మామూలు ఇనుము, దాని మీద ఎపాక్సీ అనే గట్టి రెసిన్ పూత. ఆ పూత చిట్లిన చోట ఫ్రేమ్ తుప్పు పట్టి, పాత కార్లు బాగుచేసేవాళ్ళకి ఇప్పటికీ అదే పెద్ద పని. పైన వెండిలా మెరుస్తుంటే కింద అస్థిపంజరం పొడి అవుతోంది.

ఇప్పుడు మన బండి రంగు సంగతి. ఫ్యాక్టరీలో బాడీకి ముందు ఫాస్ఫేట్ స్నానం చేయిస్తారు, తర్వాత బాడీ మొత్తాన్ని పెయింట్ తొట్టెలో ముంచి కరెంటు పెడతారు. ఆ కరెంటుకి పెయింట్ మూలమూలకీ, డోర్ లోపలికీ, మనిషి చెయ్యి దూరని బాక్సుల్లోకీ వెళ్ళి అంటుకుంటుంది. దాని మందం సుమారు 20 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తర్వాత ప్రైమర్, రంగు, క్లియర్ కోట్, అన్నీ కలిపి 100 నుంచి 150 మైక్రాన్ల దాకా వస్తుంది. మీరు చూసి మురిసేది చివరి రెండు పొరలని, మీ బండిని కాపాడేది ఎవరికీ కనబడని ఆ ముంచిన పొర. దాన్ని ఒకసారి గీకేస్తే నా షెడ్డులో మళ్ళీ వేయలేను. నేను గన్‌తో ఎపాక్సీ ప్రైమర్ కొడతాను, అది కనబడిన చోటే పడుతుంది, లోపలికి పోదు. అందుకే బాగున్న రంగు మీద గ్రైండర్ పెట్టమని అడిగితే నేను పెట్టను, బేరం పోయినా సరే.

సెరామిక్ కోటింగ్ కొన్ని మైక్రాన్ల పొర, నీళ్ళు ముత్యాల్లా జారిపోతాయి, కడగడం సులువు, ఎండకి రంగు కాస్త ఆగుతుంది. రాయి తగిలితే మాత్రం ఆపదు. రాళ్ళని ఆపేది పాలీయురెథేన్ ఫిల్మ్, అది 150 నుంచి 200 మైక్రాన్లు, ఇంటి కారు బానెట్‌కి అయితే బాగుంటుంది. రాత్రంతా ఐస్ కరిగి ఉప్పునీళ్ళు కారే చేపల బండికి ఆ డబ్బు పైన పెట్టడం నాకు నచ్చదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక తెలిసిన తమ్ముడి బండికి, నెల్లూరు రొయ్యలు వేసే బండి, పాత ఇనుప డెక్ మీద 304 రేకు పరిచి స్క్రూలు బిగించాను. అంచులు వెల్డింగ్ చేయలేదు, మధ్యలో రబ్బరు వేయలేదు. చూడ్డానికి అద్దంలా ఉంది, అందరూ మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు గడిచాక ఒకరోజు లోడ్ దించుతుంటే అతని కాలు డెక్‌లోంచి కిందికి దిగిపోయింది. స్క్రూ కన్నాల్లోంచి ఉప్పునీళ్ళు రెండు రేకుల మధ్యకి వెళ్ళి ఆరకుండా నిలబడ్డాయి. రెండు వేరు లోహాలు ఉప్పునీళ్ళలో కలిస్తే అదొక బ్యాటరీ, స్టెయిన్‌లెస్ పక్కన ఉంటే అందులో కరిగిపోయేది మామూలు ఇనుమే. తుప్పు పట్టని రేకు వేసి కింద ఉన్న ఇనుముని నేనే తొందరగా తినిపించాను. అతని కాలికి పడ్డ కుట్లు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ డెక్ నా ఖర్చుతో మార్చి ఇచ్చాను.

అప్పటినుంచి నా పద్ధతి వేరు. స్టెయిన్‌లెస్ వేస్తే అంచులన్నీ పూర్తిగా వెల్డింగ్, కింద రబ్బరు షీటు, స్క్రూ కన్నం ఒక్కటి కూడా ఉండకూడదు. డబ్బు సరిపోకపోతే అసలు స్టెయిన్‌లెస్ వద్దు, ఇనుముని తెల్లగా మెరిసేదాకా శుభ్రం చేసి జింక్ ప్రైమర్, దాని మీద ఎపాక్సీ, లోడ్ పడే చోట బెడ్ లైనర్ అనే దెబ్బలకి ఆగే మందపాటి పూత. జింక్ గొప్పతనం ఏంటంటే, గీత పడినా ముందు తను కరిగి ఇనుముని కాపాడుతుంది. తుప్పు మీదే జింక్ కొడితే మాత్రం ఉపయోగం లేదు, ఇనుముకి తగలాలి. 2025 ఏప్రిల్‌లో తెరిచిన రామేశ్వరం దారిలోని కొత్త పాంబన్ రైలు వంతెన చూడండి, నడిసముద్రం మీద ఉన్నది కాబట్టి కాంక్రీట్ లోపల స్టెయిన్‌లెస్ కడ్డీలు వాడారు, పైన ఉక్కుకి ప్రత్యేకమైన పాలీసిలోక్సేన్ పెయింట్ వేశారు. ఎక్కడ ఏది పనికొస్తుందో అక్కడ అది.

ఆదివారం కడిగేటప్పుడు ముందు బండి కింద కొట్టండి, మంచినీళ్ళతో, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వద్దు. వీల్ ఆర్చ్ లోపల, చాసిస్ జాయింట్లలో, డెక్ అడుగున. తర్వాత డోర్ల కింద, డెక్ మూలల్లో నీళ్ళు పోయే చిన్న కన్నాలు ఉంటాయి, చేప పొలుసులూ మట్టీ అడ్డుపడి ఉంటాయి, సైకిల్ స్పోక్ పెట్టి పొడవండి. నీళ్ళు చుక్కలుగా కారడం మొదలైతే అది తెరుచుకున్నట్టు. స్పోకులు ఒక కట్ట తెచ్చాను, వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.