ప్రోగ్రామ్ ఎక్కడ నిలబడి పనిచేస్తుంది?

(విజయవాడలో ఇంజినీరింగ్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు ఉందనుకుందాం. సాయంత్రానికి రైతుల బిల్లులు పీడీఎఫ్‌లుగా రావాలి. అందుకు మీరు పైతాన్‌లో ఓ స్క్రిప్టు రాశారు. అది మరో ప్రోగ్రామును పిలుస్తుంది, ఆ ప్రోగ్రామేమో బిల్లు నమూనా ఫైలును ఉత్త పేరుతో వెతుక్కుంటుంది. ఫోల్డర్‌లోకి వెళ్ళి చేత్తో నడిపితే బిల్లులు చక్కగా వస్తాయి. చెప్పిన వేళకు ప్రోగ్రాములను నడిపే క్రాన్‌కి అప్పజెప్పిన రోజు నుంచి మాత్రం ‘ఫైలు లేదు’ అంటుంది. కోడ్ మారలేదు, ఫైలూ కదల్లేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడి ‘రెండో సందులో నాలుగో ఇల్లు’ అంటే ఒక ఇల్లు, బీసెంట్ రోడ్డులో నిలబడి అదే మాట అంటే వేరే ఇల్లు. రిలేటివ్ పాత్, అంటే పూర్తి చిరునామా లేకుండా ఇచ్చిన ఫైలు దారి, సరిగ్గా అంతే. అది ప్రోగ్రామ్ ఫైలు ఉన్న చోటు నుంచి లెక్క అని చాలామంది అనుకుంటారు. కాదు. ప్రతి ప్రాసెస్‌కీ, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకీ, ఒక కరెంట్ డైరెక్టరీ (అది ప్రస్తుతం నిలబడ్డ ఫోల్డర్) ఉంటుంది, లెక్కంతా అక్కడి నుంచే. పుట్టించిన ప్రాసెస్ నుంచి అది వారసత్వంగా వస్తుంది. క్రాన్ యూజర్ హోమ్ డైరెక్టరీలో మొదలుపెడుతుంది. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కింది సిస్టమ్ సర్వీసులు, మీరేమీ చెప్పకపోతే, రూట్‌లో, అంటే అన్నిటికీ పైనున్న ఫోల్డర్‌లో మొదలవుతాయి. విండోస్ సర్వీసులైతే సిస్టమ్32లో. మీ నమూనా ఫైలు అక్కడెందుకు ఉంటుంది చెప్పండి!

దీనికి చాలామంది చేసే వైద్యం: పిలిచే ముందు పైతాన్‌లో కరెంట్ డైరెక్టరీని మార్చే ఓఎస్ డాట్ సీహెచ్‌డిర్, పిలిచాక మళ్ళీ వెనక్కి. నాకిది బొత్తిగా నచ్చదు. కరెంట్ డైరెక్టరీ ప్రాసెస్ మొత్తానికీ ఒకటే, అందులో పక్కపక్కనే నడిచే పనులకు, అంటే థ్రెడ్‌కొకటి ఉండదు. ఒక థ్రెడ్ దాన్ని మార్చిన క్షణంలో ఇంకో థ్రెడ్ ఫైలు తెరిచిందా, అది ఎక్కడికో పోతుంది. రోజూ జరగదు కూడా. యార్డు రద్దీగా ఉన్న రోజే జరుగుతుంది.

మీ ప్రోగ్రాము పుట్టించే పిల్ల ప్రాసెస్‌కి మాత్రమే చోటు చెప్పే వీలు దాదాపు ప్రతి భాషలోనూ ఉంది. పైతాన్ సబ్‌ప్రాసెస్‌లో సీడబ్ల్యూడీ (కరెంట్ వర్కింగ్ డైరెక్టరీ), జావా ప్రాసెస్‌బిల్డర్‌లో డైరెక్టరీ, గోలో కమాండ్ డాట్ డిర్. యూనిక్స్‌లో సాధారణంగా జరిగేది ఇది: ఫోర్క్‌తో పిల్ల పుట్టాక, ఎగ్జెక్‌తో కొత్త ప్రోగ్రాముగా మారే ముందు, అది తన డైరెక్టరీని తానే మార్చుకుంటుంది. తల్లికి ఏమీ అంటదు. మనం కమాండ్లు కొట్టే షెల్‌లో, ఫోల్డర్ మార్చే సీడీ విడి ప్రోగ్రాముగా కాక లోపలే ఎందుకు ఉండాలో కూడా ఇప్పుడు అర్థమైపోతుంది: విడిగా ఉంటే అది తన చోటు మార్చుకుని చచ్చిపోతుంది, షెల్ ఉన్నచోటే ఉంటుంది.

ఇక్కడో తిరకాసు. సీడబ్ల్యూడీ ఇచ్చి, ప్రోగ్రాము పేరునూ రిలేటివ్‌గా ఇచ్చారనుకోండి, దాన్ని ఎక్కడ వెతకాలి? పాత చోటా, కొత్త చోటా? పైతాన్‌లో లినక్స్ మీదైతే కొత్త చోటి నుంచి వెతుకుతుంది, విండోస్‌లో ఆ భరోసా లేదు. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ సంగతి ఇంకా విచిత్రం. అందులో యూజ్‌షెల్‌ఎగ్జిక్యూట్ (ప్రోగ్రామును షెల్ ద్వారా మొదలుపెట్టాలా అని చెప్పే సెట్టింగు) ట్రూ అయితే వర్కింగ్‌డైరెక్టరీ అంటే ప్రోగ్రాము దొరికే చోటు. ఫాల్స్ అయితే ప్రోగ్రాము పని మొదలుపెట్టే చోటు మాత్రమే, వెతుకులాటకు పనికిరాదు. ఒకే పేరు, రెండు అర్థాలు. పైగా ఆ సెట్టింగు పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో అడక్కపోతే ట్రూ, డాట్‌నెట్ కోర్‌లో ఫాల్స్. పాత కోడ్‌ను కొత్తదానికి మార్చేవాళ్ళు తడబడటంలో వింతేముంది? ప్రోగ్రాముకీ, డైరెక్టరీకీ రెంటికీ పూర్తి పాత్ ఇస్తే ఈ గొడవే లేదు. అలాగని పూర్తి పాత్‌ను కోడ్‌లో చేత్తో రాసెయ్యకండి. స్క్రిప్టు ఉన్న చోటు నుంచి కట్టుకోండి, లేదా సెట్టింగుల ఫైల్లోంచి తీసుకోండి.

లినక్స్‌లో నడుస్తున్న ప్రాసెస్ ఎక్కడుందో చూడాలంటే ప్రోక్ అనే ఫోల్డర్ కింద దాని నంబరు ఫోల్డర్‌లో సీడబ్ల్యూడీ అనే లింకు ఉంటుంది, చాలు.

నోడ్‌తో, అంటే సర్వర్ మీద జావాస్క్రిప్టుతో పనిచేసేవాళ్ళకి ఒక్క మాట. పిల్ల ప్రాసెస్‌ను పుట్టించే స్పాన్‌కి మీరిచ్చిన సీడబ్ల్యూడీ ఫోల్డరే లేకపోతే వచ్చే ఎర్రర్ ఈనోఎంట్ (‘అలాంటి ఫైలు లేదు’ అని), అదీ కమాండ్ పేరుతో కలిపి. చూస్తే ప్రోగ్రామే ఇన్‌స్టాల్ కాలేదనిపిస్తుంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేసే ముందు ఆ ఫోల్డర్ ఉందో లేదో చూసుకోండి.

ఇక ప్రశ్నలు. విండోస్ వాళ్ళవి ముందు తీసుకుంటాను, వాళ్ళ బాధలు ఎక్కువ.