గోడ దాటిన కొమ్మ ఎవరిది?

అధ్యక్షుల వారికి, వాకర్స్ సంఘం పెద్దలకు, పొద్దున్నే నడక మానుకుని పార్కులో కూర్చున్న అక్కలకు, అన్నలకు నమస్కారం. వేదిక మీద ఉన్న వాళ్లందరి పేర్లూ చదవాలంటారు గానీ, ఎండెక్కేలోపు ముగించమని కూడా అన్నారు. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

‘పెరట్లో తొలి వసంతపు పూలు’ అని నాకు అంశం ఇచ్చారు. పంచాంగం ప్రకారం వసంతం ఉగాదితో మొదలవుతుంది. మన తిరుపతి చెట్లు అంతదాకా ఆగవు. సంక్రాంతి అయ్యీ కాకముందే మామిడి పూతకొస్తుంది. రథసప్తమికి చిక్కుళ్ల కోసం పందిరి కిందికి వెళ్తే పక్కన మునగ తెల్లగా పూసి ఉంటుంది. నిమ్మచెట్టు దగ్గర నిలబడితే కదలబుద్ధి కాదు. శివరాత్రి దాటిందంటే మల్లె, ఉగాది నాటికి వేప.

మల్లె దగ్గర కాసేపు ఆగుతాను. డిసెంబరు, జనవరి నెలల్లో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేయాలి. పాదు తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి మళ్లీ నీళ్లు పెడితే కొత్త చిగురు వస్తుంది. మొగ్గ వచ్చేది ఆ చిగురు చివరే, పాత కొమ్మకు రాదు. ఈసారి గుత్తిని దగ్గరగా చూడండి. చాలావాటికి మూడు మొగ్గలుంటాయి. నడిమిది ముందుగా బొద్దుగా తయారవుతుంది. పక్కవి రెండూ ఇంకా పచ్చగా, బియ్యపు గింజంత ఉంటాయి. నడిమి మొగ్గను గోటితో తుంచితే పక్కవి తర్వాత ఎదుగుతాయి. కొమ్మను పట్టి లాగితే ఆ గుత్తీ పోతుంది, పక్కన రావలసిన చిగురూ పోతుంది.

లాగేది ఎవరంటారా? ఎరువుల గురించి రెండు పేజీలు రాసుకొచ్చాను, పక్కన పెడుతున్నాను. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

తెల్లవారుజామున అయిదింటికి మా వీధిలో నడక మొదలవుతుంది. ఆరోగ్యానికి మంచిదే. కానీ నడకకు ప్లాస్టిక్ కవరెందుకు? కొక్కెం కట్టిన కర్ర ఎందుకు? మీలో ఎవరినీ అనడం లేదు. వెనక వరుసలో నవ్వుతున్న వాళ్లకు అర్థమైనట్టుంది. మందారం, నందివర్ధనం, గన్నేరు అన్నీ మొగ్గ దశలోనే కవర్లోకి పోతాయి. ఒకరోజు కిటికీలోంచి ‘ఎవరమ్మా’ అని కేకేస్తే, ‘దేవుడికే కదా మేడం, గోడ బయటికొచ్చిన కొమ్మే కదా’ అంది ఆ పెద్దావిడ, చెయ్యి ఆపకుండానే.

మొన్న పండక్కి తోరణాలకని మామిడాకులతో పాటు పూత కొమ్మలే విరిచేశారు. మల్లెమొగ్గ కోస్తే చెట్టుకు నష్టం లేదు, మన గుండుమల్లె ఎలాగూ కాయ కట్టదు. మామిడి అలా కాదు. ఒక్క పూత రెమ్మకు వందల నుంచి వేల దాకా పువ్వులుంటాయి. వాటిలో చాలా భాగం మగ పువ్వులే. మిగిలిన వాటిలో పిందె నిలిచేది ఏ ఒకటో రెండో. అదీ ఈగలు, తేనెటీగలు వచ్చి వాలితేనే. అవును, మనం తోలే ఈగలే. అందుకే పూత విచ్చుకున్నాక పురుగుమందు కొట్టొద్దంటాను. తేనెమంచు పురుగుకు కొట్టాలనుకుంటే మొగ్గ విచ్చకముందే కొట్టుకోండి. చిత్తూరు వైపు తోతాపురి రైతును అడగండి, ఈ రోజుల్లో నాలుగు పూటలు మబ్బు పట్టినా ఎంత టెన్షనో. ఆయన పిందె పిందెకూ లెక్క చూసుకుంటుంటే మనం గుమ్మానికి పూతే కట్టేశాం!

దేవుడికే అంటారు కాబట్టి దేవుడి సంగతే మాట్లాడదాం. కొండెక్కితే మనం తల్లో పువ్వు తీసేస్తాం. అక్కడి పూలన్నీ స్వామివే కాబట్టి. వాడిన పూలను కూడా వృథా చేయకుండా 2021 నుంచి టీటీడీ అగరుబత్తీలు చేయిస్తోంది. అనంతాళ్వార్ కథ మీకందరికీ తెలుసు, అయినా చెబుతాను. రామానుజుల మాట మీద పూలతోట వేయడానికి కొండ మీద కాపురం పెట్టాడాయన. చెరువు తవ్వుతుంటే నిండు చూలాలైన భార్య తట్టలతో మట్టి మోసేది. ఒక పిల్లవాడు వచ్చి సాయం పట్టాడు. నా కైంకర్యంలో నీకు వాటా ఏమిటని ఆళ్వార్ గునపం విసిరితే గడ్డానికి తగిలింది. ఆ పిల్లవాడు స్వామే. ఇప్పటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెడుతున్నారు, మహాద్వారం దగ్గర ఆ గునపం వేలాడుతోంది. తోట పనిలో సాక్షాత్తూ స్వామికే వాటా ఇవ్వనన్న భక్తుడు తిరిగిన చోటు ఇది. ఆ కొండ కిందే ఉంటూ, పక్కింటావిడ నీళ్లు పోసిన చెట్టు పూలతో పుణ్యం మనకు రాసుకుందామా? చెప్పండి!

చప్పట్లు వద్దు, నా మాట వినండి. ఉగాదికి వేపపువ్వు కావాలంటే కొమ్మలు విరవకండి. ముందురోజు రాత్రి మా చెట్టు కింద పాత చీర పరిచి ఉంచుతాను. రాలిన పువ్వు మన పచ్చళ్లకు చాలు. ఏడు దాటాక బెల్లు కొట్టి అడిగి తీసుకెళ్లండి. మల్లెకు నేలంటు వేసిన మొక్కలు, అంటే కొమ్మను నేలకు వంచి మట్టి కప్పి వేళ్లు పట్టించినవి, కూడా కొన్ని ఉన్నాయి. కావలసినవాళ్లు ఇక్కడే కార్యదర్శి గారి దగ్గర పేరు రాయించండి. కుండీ మాత్రం మీరే తెచ్చుకోవాలి. కొక్కెం కర్రలున్న వాళ్లకు మొదటి అవకాశం.