రూపాయల్లో వద్దనండి, ఆ దేశం డబ్బులోనే తీసుకోమనండి
(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో విదేశాలకి వెళ్ళే ప్రయాణికుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకి, ఈ ఎండలో ద్వారకానగర్ దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. శాలువాలు, పూలదండలు చివర్లో పెట్టుకుందామని నిర్వాహకుల్ని నేనే బతిమాలాను. నోట్లు, మారకం, కార్డులు అని మూడు భాగాలుగా చెబుదామని వచ్చాను.

పిల్లల దగ్గరకి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళే తల్లిదండ్రులే ఇక్కడ ఎక్కువ కనిపిస్తున్నారు. సింగపూర్ వెళ్ళొచ్చే కుటుంబాలున్నాయి. పశుపతినాథుణ్ణి, ముక్తినాథ్‌ని చూడబోయే నేపాల్ యాత్రికులున్నారు. ముందు అందరికీ పనికొచ్చేది చెబుతాను.

నోట్లు. నేపాల్, భూటాన్ కాకుండా మామూలుగా ఏ దేశం వెళ్ళినా ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకి మించి విదేశీ నోట్లు చేతికివ్వరు. మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే విదేశీ డబ్బు ముందే నింపి ఇచ్చే కార్డులో వేయించుకోవాలి. హజ్, ఉమ్రా యాత్రికులకి, రష్యా, ఇరాన్ లాంటి కొన్ని దేశాలకి వేరే నియమాలున్నాయి. ఏడాదికి, అంటే ఏప్రిల్ నుంచి మార్చి దాకా, మనిషికి మొత్తం పరిమితి 2,50,000 డాలర్లు. పాస్‌పోర్టు, పాన్ కార్డు, టికెట్టు, వీసా అవసరమైన చోట వీసా పట్టుకెళ్ళాలి. రూపాయలు నగదుగా ఇచ్చి కొనేది 50,000 లోపే. అది దాటితే బ్యాంకు ద్వారా చెల్లించాలి. ప్రయాణానికి 60 రోజుల కన్నా ముందే కొని దాచుకోవడం కుదరదు. కొన్న డబ్బు 60 రోజుల్లో వాడాలి, లేదా తిరిగిచ్చేయాలి. మన రూపాయలు జేబులో 25,000 దాకా ఉండొచ్చు. తిరిగొచ్చాక టాక్సీకి, టిఫినుకి అవి కావాలి, కాబట్టి ఉంచుకోండి.

వంద డాలర్ల నోట్లు తీసుకుంటే మడత, మరక, పెన్ను గీత లేనివి అడగండి. ఆగ్నేయాసియాలో చాలాచోట్ల చిరుగు కనిపిస్తే వెనక్కిచ్చేస్తారు. బ్యాంకాక్‌లో మనీ ఛేంజర్లు 50, 100 డాలర్ల నోట్లకి ఒక రేటు, చిన్న నోట్లకి అంతకన్నా తక్కువ రేటు బోర్డు మీదే రాసి పెడతారు. అందుకని మార్చుకోవడానికి పెద్ద నోట్లు, దిగగానే ఖర్చుకి ఆ దేశపు చిల్లర కొంచెం, ఇలా విడివిడిగా పెట్టుకోండి.

ఇక మారకం. కౌంటర్ దగ్గర "కమీషన్ లేదండీ" అంటారు. ఆ మాట నిజమే కావచ్చు. లాభం రేటులోనే ఉంటుంది. బోర్డు మీద రెండు అంకెలుంటాయి: వాళ్ళు మనకి అమ్మే రేటు, మన దగ్గర కొనే రేటు. అమ్మేది 91 రూపాయల 80 పైసలు, కొనేది 88 రూపాయల 20 పైసలు అనుకోండి. వెయ్యి డాలర్లు కొని, ప్రయాణం రద్దయి మర్నాడే తిరిగిస్తే 3,600 రూపాయలు పోయినట్టే. కాబట్టి "రేటెంత?" అని అడిగి ఊరుకోకండి. "వెయ్యి డాలర్లు నా చేతిలో పెట్టాలంటే అన్నీ కలిపి నేనెంతివ్వాలి?" అని ముగ్గుర్ని అడగండి. జీఎస్టీ పేరుతో భయపెడితే లెక్క తెలుసుకోండి: లక్ష రూపాయల లోపు మారకానికి ఆ మొత్తంలో ఒక శాతాన్ని విలువగా తీసుకుని, దాని మీద 18 శాతం. అంటే లక్షకి 180 రూపాయలు. ఎంత తక్కువ మార్చినా కనీసం 45 రూపాయలు.

విమానాశ్రయంలో కొందాంలే అని వదిలేయకండి. అక్కడికొచ్చే మనిషికి వేరే దారి లేదని కౌంటర్‌కి తెలుసు. రెండు మూడు రోజుల ముందే ఊళ్ళో ఫోన్ చేసి అడగండి, అందులోనూ థాయ్ బాత్, మలేసియా రింగిట్ లాంటివైతే. ఇక్కడ వాటి రేటు బాగోకపోతే డాలర్లు పట్టుకెళ్ళి అక్కడ ఊళ్ళో మార్చుకోండి. లైసెన్సు లేని మనిషి దగ్గర రూపాయి తక్కువకి దొరికిందని కొనకండి. బిల్లుండదు, నోటు అసలుదో కాదో తెలీదు. పైగా ఫెమా అనే విదేశీ మారక చట్టం కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు.

కార్డుల దగ్గరకొస్తున్నాను. 2020 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డులు మన దేశంలో వాడకానికే తెరిచి ఇస్తారు. విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్తే ఇంటర్నేషనల్ అని ఉంటుంది. ఏటీఎం, దుకాణం, ఆన్‌లైన్ దేనికది విడిగా ఉంటుంది. పరిమితులు కూడా అక్కడే పెట్టుకోవచ్చు. ఇంట్లో వైఫై ఉండగానే చేయండి. అక్కడికెళ్ళాక మన సిమ్ రోమింగ్‌లో లేకపోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే స్విచ్ పడదు.

అమ్మా, అయ్యా, ఇప్పుడు చెప్పేది కాస్త చెవి పెట్టి వినండి. మిగతావి మర్చిపోయినా ఇది మాత్రం గుర్తుండాలి. సింగపూర్‌లో దుకాణంలో 200 డాలర్ల సామాను కొన్నారు. కార్డిచ్చారు. అది భారతీయ కార్డని మిషన్ గుర్తుపడుతుంది. తెర మీద రెండు వరసలు వస్తాయి: సింగపూర్ డాలర్లలో 200, రూపాయల్లో ఏదో ఒక పెద్ద అంకె. "మీ రూపాయల్లోనే తీసుకోనా?" అని అమ్మాయి నవ్వుతూ అడుగుతుంది. మనకి తెలిసిన డబ్బు కదా అని తలూపుతాం. దీన్నే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్, పొట్టిగా డీసీసీ అంటారు. అలా తలూపగానే మారకం రేటు పెట్టే అధికారం మన బ్యాంకు చేతిలోంచి ఆ మిషన్ కంపెనీ చేతిలోకి పోతుంది. అందులో దుకాణానికీ వాటా ఉంటుంది.

లెక్క చూడండి. సింగపూర్ డాలరు 70 రూపాయలనుకుందాం. 200 డాలర్లంటే 14,000. డాలర్లలో తీసుకోమంటే, మన కార్డు మార్కప్, అంటే విదేశీ ఖర్చు మీద మన బ్యాంకు వేసుకునే రుసుము, 3.5 శాతం అనుకున్నా 490 రూపాయలు, దాని మీద జీఎస్టీ 88. మొత్తం 14,578. అదే రూపాయల్లో అంటే మిషన్ వాళ్ళు ఆరు శాతం వేసుకుంటే 14,840. అంతటితో ఆగదు. విదేశీ దుకాణం రూపాయల్లో వసూలు చేసినా మన బ్యాంకుల్లో చాలావాటికి దాని మీద విడిగా రుసుముంది. అది ఒక శాతమే అనుకున్నా జీఎస్టీతో 175. మొత్తం 15,015. ఒక్క బిల్లు మీద 437 రూపాయలు, ఒక్క తలూపుకి! ఆరు శాతం కన్నా ఎక్కువ వేసే మిషన్లూ ఉన్నాయి. మార్కప్ రెండు శాతం ఉన్న కార్డయితే తేడా ఇంకా పెరుగుతుంది.

నాకు కోపమెక్కడంటే ఏటీఎంల దగ్గర. అక్కడ అడిగే మనిషి కూడా లేడు. తెర మీద ఒక పక్క పెద్ద పచ్చ బటన్, "యాక్సెప్ట్ కన్వర్షన్". ఇంకో పక్క "డిక్లైన్ కన్వర్షన్". డిక్లైన్ అనే మాట చూడగానే, నొక్కితే డబ్బు రాదేమో, కార్డు మింగేస్తుందేమో అని పెద్దవాళ్ళు హడలిపోతారు. వెనక లైనుంటుంది. పచ్చది నొక్కేస్తారు. ఆ భయం మీదే ఈ వ్యాపారమంతా నడుస్తోంది. ఉన్నది అన్యాయమే, దాన్ని అన్యాయమనే అంటాను. డిక్లైన్ నొక్కితే డబ్బు వస్తుంది! మీరు కాదన్నది వాళ్ళ మారకం రేటుని, మీ డబ్బుని కాదు. కొన్నిచోట్ల ఇదే బటన్ "వితౌట్ కన్వర్షన్" అని ఉంటుంది. అదీ ఇదే.

వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా అనండి, ఏం నొక్కాలి? డిక్లైన్. దుకాణంలో ఏమనాలి? "లోకల్ కరెన్సీ." ఇంగ్లీషు ఈ రెండు ముక్కలు చాలు. అడక్కుండా వాళ్ళే రూపాయలు నొక్కేస్తే చీటీ చూడండి. దాని మీద రూపాయల అంకె, వాళ్ళ రేటు ఉంటాయి. దుకాణం దాటక ముందే ఆ లావాదేవీ రద్దు చేయించి, మళ్ళీ వాళ్ళ డబ్బులో గీయించండి. ఎందులో చెల్లించాలో ఎంచుకునే హక్కు కార్డుదారుడిదేనని వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లోనే ఉంది. గొడవపడక్కర్లేదు, నిలబడితే చాలు.

డీసీసీకే ఎక్కువ సమయం తీసుకున్నాను, నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. మిగతావి త్వరగా చెప్పేస్తాను.

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయొద్దు. రుసుము కాక, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఏటీఎం వాడేది డెబిట్ కార్డుతోనో, ఫారెక్స్ కార్డుతోనో. థాయిలాండ్‌లో విదేశీ కార్డుకి ఏటీఎం 220 బాత్, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ కోస్తుంది. తీసేది వెయ్యి బాతైనా ఇరవై వేలైనా కోత అంతే. అందుకని తక్కువసార్లు, పెద్ద మొత్తం తీయండి. ఫారెక్స్ కార్డులో అమెరికా డాలర్లు వేసి సింగపూర్‌లో గీస్తే ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినందుకు మళ్ళీ రుసుము పడుతుంది. వెళ్ళే దేశం డబ్బే అందులో వేయించండి. హోటలు డిపాజిట్‌కి, అద్దె కారుకి ఫారెక్స్ కార్డు ఇవ్వొద్దు. వాళ్ళు బిగబట్టిన మొత్తం విడుదలవడానికి రోజులు పడుతుంది, ఈలోగా భోజనానికి మీ కార్డు ఖాళీ. అక్కడ క్రెడిట్ కార్డు ఇవ్వండి. రెండు కార్డులూ ఒకే పర్సులో పెట్టకండి. కార్డు పోతే యాప్‌లో వెంటనే బ్లాక్ చేసి, బ్యాంకు నంబరుకి ఫోన్ చేయండి. ఆ నంబరు కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే కార్డుతో పాటు ఫోనూ పోవచ్చు.

యూపీఐ గురించి అడుగుతున్నారు. భూటాన్, నేపాల్, సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్‌లో కొన్ని దుకాణాల్లో నడుస్తుంది. కొన్ని అన్నాను, అన్నీ కాదు. దాన్నే నమ్ముకుని బయల్దేరొద్దు.

నేపాల్ వాళ్ళకి వేరే మాట. అక్కడికి, భూటాన్‌కి మన దగ్గర విదేశీ మారకం ఇవ్వరు, అవసరమూ లేదు. మన వంద రూపాయలకి 160 నేపాలీ రూపాయలు. 1993 నుంచి ఇదే స్థిరమైన రేటు, కాబట్టి 150 చేతిలో పెడితే ఒప్పుకోకండి. భూటాన్ డబ్బు న్గుల్ట్రం మన రూపాయితో సమానం. 2018 డిసెంబరులో నేపాల్ మన 200, 500 నోట్లు చెల్లవని ప్రకటించింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ నోట్లతో యాత్రికులు చిక్కుల్లో పడ్డారు. వంద నోట్లతో వెళ్తే ఏ తంటా లేదు. బ్యాంకులో ముందే వంద కట్టలు అడిగి పెట్టుకోండి.

తిరిగొచ్చేటప్పుడు చిల్లర నాణేలు అక్కడే ఖర్చుపెట్టేయండి. ఇక్కడ మనీ ఛేంజర్లు నాణేలు తీసుకోరు. నోట్లు 2,000 డాలర్ల దాకా మళ్ళీ ప్రయాణానికి ఇంట్లో ఉంచుకోవచ్చు, మిగతాది 180 రోజుల్లో మార్చేయాలి. పిల్లలు ఇచ్చిన డబ్బు తెస్తున్నారా? నోట్లే 5,000 డాలర్లు దాటినా, అన్నీ కలిపి 10,000 దాటినా కస్టమ్స్ దగ్గర ఫారం నింపి చూపించాలి. తేవడం తప్పు కాదు, చూపించకపోవడం తప్పు.

కార్డు స్విచ్ ఆన్ చేయడం రానివాళ్ళు ఫోన్ పట్టుకుని ఈ కుడివైపు బల్ల దగ్గరకి రండి. పిన్ మాత్రం ఎవరికీ చెప్పకండి, నాక్కూడా. ముందు వచ్చే వారం విమానం ఉన్నవాళ్ళు రండి.