గ్లిజరాల్ నుంచి హైడ్రోజన్: లెక్కంతా సున్నం దగ్గరే

సభకు నమస్కారం.

మొక్కల నూనె నుంచి బయోడీజిల్ తయారయ్యే ప్రతి చోటా పది కిలోలకు ఇంచుమించు ఒక కిలో చొప్పున గ్లిజరాల్ అనే చిక్కటి ద్రవం దిగుతుంది. కాకినాడలో బయోడీజిల్ ప్లాంటుతో పాటు గ్లిజరాల్ శుద్ధి కూడా చేస్తున్నారు. శుద్ధయిన సరుకు సబ్బులకూ మందులకూ పోతుంది. ఆ స్తోమత లేని చిన్న ప్లాంట్లలో ముడి గ్లిజరాల్ డ్రమ్ముల్లోనే ఉండిపోతుంది. దాన్నుంచి హైడ్రోజన్ తీస్తూ, అదే రియాక్టర్లో కార్బన్ డయాక్సైడ్‌ను సున్నంతో, అంటే కాల్షియం ఆక్సైడ్‌తో, పట్టేసే పద్ధతి ఈ రోజు మన విషయం. ఇందులో హైడ్రోజన్ తీయడం తేలికే. సున్నాన్ని మళ్లీ మళ్లీ పనిచేయించడమే గట్టి సమస్య, కాబట్టి ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

ముందు లెక్క చూద్దాం. నికెల్ ఉత్ప్రేరకం మీద ఒక మోల్ గ్లిజరాల్, మూడు మోల్‌ల నీటి ఆవిరి కలిస్తే ఏడు మోల్‌ల హైడ్రోజన్, మూడు మోల్‌ల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఈ చర్యనే రిఫార్మింగ్ అంటారు. అంటే కిలో గ్లిజరాల్‌కు గరిష్ఠంగా 153 గ్రాముల హైడ్రోజన్. దాంతో పాటు 1.43 కిలోల కార్బన్ డయాక్సైడ్. సున్నం లేకుండా నడిపితే, నీటిని తీసేశాక కూడా వాయువులో హైడ్రోజన్ 70 శాతం దాటదు. సున్నం ఉంటే కార్బన్ డయాక్సైడ్ పుట్టిన చోటే కాల్షియం కార్బొనేట్‌గా మారిపోతుంది. అది పోయేసరికి సమతాస్థితి హైడ్రోజన్ వైపు జరుగుతుంది, మిగిలిన కార్బన్ మోనాక్సైడ్ కూడా ఆవిరితో కలిసి హైడ్రోజన్ ఇస్తుంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్, నార్వేలోని ట్రాండ్‌హైమ్ విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో ఈ పద్ధతిని ముడి గ్లిజరాల్‌తోనే నడిపి చూశారు.

నడపాల్సిన ఉష్ణోగ్రత 550 నుంచి 650 డిగ్రీల సెల్సియస్. పీడనం మామూలు వాతావరణ పీడనమే. పైకి పోతే ఏమవుతుంది? 600 డిగ్రీల దగ్గర కార్బొనేట్ మీద కార్బన్ డయాక్సైడ్ సమతా పీడనం, అంటే సున్నం పట్టలేక వాయువులో మిగిలిపోయేది, 0.004 అట్మాస్ఫియర్ లోపే ఉంటుంది. 700 దగ్గర అది 0.03 దాటుతుంది, 800 దగ్గర 0.2 దాటుతుంది. వేడి పెరిగేకొద్దీ సున్నం పట్టు వదిలేస్తుందన్నమాట. మరీ కిందికి, 500 దగ్గరికి దిగితే, ఆవిరి గాఢంగా ఉన్నప్పుడు సున్నం నీటినే పట్టుకుని హైడ్రాక్సైడ్ అయ్యే ప్రమాదం ఉంది.

నీరు ఎంత కలపాలి? కార్బన్ ఒక మోల్‌కు నీరు మూడు మోల్‌లు. తూకంలో చెబితే కిలో గ్లిజరాల్‌కు 1.76 కిలోల నీరు. తగ్గిస్తే నికెల్ మీద మసి పేరుకుంటుంది. పెంచితే ఆవిరి చేయడానికే వేడి ఖర్చవుతుంది. ఈ నీరు గ్లిజరాల్ చిక్కదనాన్ని కూడా తగ్గిస్తుంది, పంపు సాఫీగా నడుస్తుంది.

చిక్కులు మొదలయ్యేది రియాక్టర్ కంటే ముందే. గ్లిజరాల్ 290 డిగ్రీల దగ్గర మరుగుతూనే విడిపోతుంది. నీరు కోల్పోయి ఘాటైన అక్రోలీన్ పుడుతుంది, గోడలకు మసి కడుతుంది. దాన్ని ఒక పాత్రలో నిదానంగా మరిగించకూడదు. బాగా వేడెక్కిన ఆవిరి ప్రవాహంలోకి సన్నటి తుంపరగా కొట్టాలి. ముడి గ్లిజరాల్‌లో ఇంకో బాధ ఉప్పు. బయోడీజిల్ తయారీలో ఉత్ప్రేరకంగా వాడిన సోడియం హైడ్రాక్సైడ్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తటస్థం చేస్తే ఉప్పు మిగులుతుంది. అది ఆవిరి కాదు, నాజిల్ మూతి దగ్గర తెల్లటి పెచ్చులా పేరుకుంటుంది. క్లోరిన్ నికెల్‌కు హాని. సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడితే వచ్చే గంధకం ఇంకా హాని. పొటాషియం హైడ్రాక్సైడ్, ఫాస్ఫారిక్ ఆమ్లం జోడీ నయం: దిగే లవణాన్ని వడకట్టి ఎరువుగా వాడుకోవచ్చు. ఆమ్లం కలిపాక ముడి గ్లిజరాల్‌లోని సబ్బులు కొవ్వు ఆమ్లాలుగా విడిపోయి పైకి తేలతాయి. వాటిని తప్పనిసరిగా తీసేయాలి, లేకపోతే మసి అంతా అక్కడి నుంచే వస్తుంది. మిథనాల్ మిగిలినా బెంగ లేదు, అది కూడా హైడ్రోజన్ ఇస్తుంది.

ఇక సున్నం. కిలో గ్లిజరాల్‌కు సిద్ధాంతం ప్రకారం 1.83 కిలోల సున్నం చాలు. కానీ గుళిక మొత్తం పనిచేయదు. మోల్‌కు 17 ఘన సెంటీమీటర్లుండే సున్నం కార్బొనేట్ అయ్యాక 37 అవుతుంది. ఉబ్బిన ఆ పొర రంధ్రాలను మూసేస్తుంది, లోపలి సున్నానికి వాయువు చేరదు. అందుకే మొదట వేగంగా పట్టి, తర్వాత చటుక్కున నెమ్మదిస్తుంది. అసలు దెబ్బ పునరుద్ధరణలో, అంటే కార్బొనేట్‌ను వేడిచేసి కార్బన్ డయాక్సైడ్‌ను వదిలించి మళ్లీ సున్నం చేయడంలో, తగులుతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో జరిగే చర్యే ఇది. శుద్ధమైన కార్బన్ డయాక్సైడ్ వాతావరణంలో చేయాలంటే 900 డిగ్రీలు దాటాలి. ఆ వేడికి సున్నం రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. మామూలు సున్నపురాయి మొదటి విడతలో 70 శాతం దాకా పనిచేసి, కొన్ని పదుల విడతలకు 20 శాతం దగ్గరికి పడిపోతుంది. అప్పుడు కిలో గ్లిజరాల్‌కు తొమ్మిది కిలోల సున్నం తిప్పాలి. సున్నపురాయికి బదులు, మెగ్నీషియం కూడా ఉండే డోలమైట్ రాయిని వాడవచ్చు. కాల్చిన డోలమైట్‌లోని మెగ్నీషియం ఆక్సైడ్ ఈ ఉష్ణోగ్రతల్లో కార్బొనేట్ కాదు. సున్నం రేణువుల మధ్య అడ్డుగా ఉండి అతుక్కోవడాన్ని తగ్గిస్తుంది. బరువు పెరిగినా నేను దాన్నే ఎంచుకుంటాను. అరిగిన సున్నాన్ని నీటి ఆవిరితో తడిపి మళ్లీ చురుకు తెప్పించవచ్చు గానీ గుళికలు పెళుసై దుమ్మవుతాయి.

నైట్రోజన్ పంపిస్తే 800 డిగ్రీల లోపే పునరుద్ధరణ అవుతుంది, ప్రయోగశాలలో చాలామంది చేసేదీ అదే. అయితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ నైట్రోజన్‌లో కలిసిపోతుంది, నిల్వ చేయడానికి పనికిరాదు. మొక్కల నూనె నుంచి వచ్చిన కార్బన్‌ను గాలిలోకి తిరిగి రాకుండా దాస్తేనే ఈ పద్ధతికి ప్రత్యేక ప్రయోజనం. కాబట్టి నైట్రోజన్‌లో 50 విడతలు నిలిచిందన్న సున్నం గురించి విన్నప్పుడు, అదే సున్నాన్ని కార్బన్ డయాక్సైడ్ నిండిన వాయువులో పరీక్షించారా అని అడగండి. ఆవిరి పంపితే మధ్యే మార్గం: చల్లార్చగానే నీరు విడిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ మిగులుతుంది.

వేడి లెక్కలో ఒక భ్రమ ఉంది. సున్నం మోల్‌కు 178 కిలోజౌళ్లు విడుదల చేస్తుంది కాబట్టి రిఫార్మింగ్‌కు బయటి వేడి అక్కర్లేదంటారు. రియాక్టర్ వరకు అది నిజమే. కానీ ఆ 178 కిలోజౌళ్లనూ పునరుద్ధరణలో తిరిగి ఇవ్వాల్సిందే, అదీ ఎక్కువ ఉష్ణోగ్రతలో. నీటిని ఆవిరి చేసే ఖర్చు వేరు.

నడిపేటప్పుడు వాయువు కొలతలు చూస్తూ ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పెరిగి హైడ్రోజన్ 70 శాతం లోపుకు జారితే సున్నం నిండిందని అర్థం; ప్రవాహాన్ని తాజా సున్నం ఉన్న రెండో రియాక్టర్‌కు మార్చి, మొదటిదాన్ని పునరుద్ధరించాలి. కార్బన్ డయాక్సైడ్ తక్కువగానే ఉండి మీథేన్ మెల్లగా పెరుగుతుంటే అనుమానించాల్సింది నికెల్‌ను. ఇథిలీన్ కనిపిస్తే మసి దగ్గరలోనే ఉంది. కండెన్సర్ నీరు తేటగా ఉండాలి. పసుపు తిరిగి ఘాటు వాసన వస్తే గ్లిజరాల్ పూర్తిగా మారలేదు. మసిని గాలితో కాల్చినప్పుడు నికెల్ ఆక్సైడ్ అవుతుంది కాబట్టి, మళ్లీ హైడ్రోజన్‌తో క్షయకరణం చేసి, అంటే ఆక్సిజన్‌ను తీసేసి నికెల్‌గా మార్చాకే తర్వాతి విడత మొదలుపెట్టండి. గాలి నుంచి హైడ్రోజన్‌కు మారే ప్రతిసారీ మధ్యలో జడవాయువుతో గొట్టాలన్నీ పూర్తిగా ఖాళీ చేయాలి.