వెంచర్ వచ్చింది, వెంట పిల్లి వచ్చింది

[దృశ్యం: జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే పక్కన కొత్త వెంచర్. ఎర్రమట్టి రోడ్లు, సున్నమేసిన హద్దురాళ్లు.]

ఇసొంటి జాగలు మొన్నటిదాక పడావు చెల్కలు. తంగేడు, రేగు పొదలు, గట్టు మీద సీతాఫలం చెట్లు. కొనేటోళ్లకు ఉత్త జాగలెక్క కనిపిస్తది. కానీ కౌజులు, పూరేళ్లు ఆ పొదల కిందనే గుడ్లు పెడతయి. తీతువు పిట్ట అయితే గూడు కూడా కట్టదు. గులకరాళ్ల నడుమ చిన్న గుంటల గుడ్లు పెట్టి, మనిషొస్తే నెత్తి మీద తిరుగుకుంట అరుస్తది.

[దృశ్యం: జేసీబీ పొదలు పెకిలిస్తున్నది.]

జేసీబీ ఒక్క పూటల అంతా చదును చేస్తది. ఎగిరేవి ఎగిరిపోతయి. తొండలు, ఉడతలు, కుందేలు పిల్లలు బతికితే ప్రహరీ పొంటి మిగిలిన సన్నని పొదల వరుసకు చేరుతయి. ఎకరాల కొద్దీ చెదిరి బతికినవన్నీ ఒక్కకాడికి వచ్చి పడ్డట్టు. వేటాడేదానికి ఎతుకులాడే పని లేదు. అప్పుడు ఇండ్లు లేస్తయి, ఇండ్లతో పాటు పిల్లులొస్తయి.

[దృశ్యం: పొద్దుగూకినంక గట్టు మీద నడుస్తున్న అడవి పిల్లి. పొడుగు కాళ్లు, పొట్టి తోక.]

ఈ చెల్కలల్ల ముందు నుంచీ ఒక పిల్లి ఉన్నది, అడవి పిల్లి. ఎక్కువగా ఎలుకల మీద బతుకుతది. తిండి తగ్గితే దాని పిల్లలు బతకవు, లేకుంటే అది వేరే జాగ చూసుకుంటది. ఆ సందుల ఎలుకలు, పిట్టలు మళ్ల పెరుగుతయి. ఇంటి పిల్లికి ఈ కట్టడి లేదు. చుట్టుపక్కల ఒక్క పిట్ట మిగలకున్నా దాని గిన్నెల పాలన్నం ఉంటది. అందుకే అడవి సాకలేనన్ని పిల్లులను ఒక్క కాలనీ సాకుతది. ఈ వీడియోల ఒక్కటే గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి.

"మా పిల్లి కడుపునిండ తింటది బిడ్డా, పిట్టల జోలికి ఎందుకు పోతది?" అని పెద్దమ్మలు అడుగుతరు. పిల్లికి ఆకలి వేరు, వేట వేరు. కడుపు నిండినా, కదిలేది కంటవడితే దుంకుతది. ఇంకొకటి, పిట్ట తప్పించుకున్నదని మనం సంబురపడతం. పిల్లి నోట్ల ఉండే బ్యాక్టీరియాతో ఆ గాయం చీము పట్టి చాలా పిట్టలు తర్వాత చచ్చిపోతయి.

[దృశ్యం: తెర మీద అంకెలు.]

2013ల వచ్చిన ఒక లెక్క ప్రకారం అమెరికాల పిల్లులు ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల పిట్టలను చంపుతున్నయి. అండ్ల ఎక్కువ భాగం ఓనర్ లేని పిల్లులవే. ప్రపంచం మొత్తం మీద 63 జాతుల ప్రాణులు అంతరించిపోవుడుల పిల్లుల పాత్ర ఉన్నది. అండ్ల చాలామటుకు దీవులల్ల బతికినవి. మనది దీవి కాదు అనుకోవచ్చు. నల్గొండల లతీఫ్‌సాబ్ గుట్ట, కాపురాల గుట్ట చూడండి. చుట్టూ ఇండ్లు, రోడ్లు. గుట్ట మీది తొండకు దిగిపోయే తొవ్వ లేకుంటే, దానికి అది దీవే.

[దృశ్యం: నల్లమల, పొద్దటి మంచు.]

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు. పులి గురించి అందరికీ తెలుసు. నల్లమలల తుప్పు మచ్చల పిల్లి కూడా ఉంటది, బరువు కిలో, కిలోన్నర. అడవిల బతికే పిల్లి జాతులల్ల ప్రపంచంలనే అతి చిన్నవాటిల ఒకటి. అడవి అంచు ఊర్లల్ల టీకా లేని ఇంటి పిల్లి పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బును మలం ద్వారా వదిలితే, ఆ వైరస్ మట్టిల ఏడాది దాక బతకగలదు, అటు తిరిగే అడవిల పిల్లులకు కూడా అంటగలదు. టీకా ఉన్నది, వేయించండి.

పిల్లిని తిట్టుడు నాకు ఇష్టం లేదు. పొదలు పీకింది పిల్లి కాదు. మిర్యాలగూడ రైస్ మిల్లులల్ల, వడ్ల బస్తాల కాడ అది చేసే పని రైతుకు తెలుసు. నాకు కోపం వచ్చేది, పిల్లలు పెట్టినయని సంచిల వేసుకపోయి ఊరవతల గుట్ట కాడ వదిలేసే మనుషుల మీద. సగం కూనలు ఆకలికి చస్తయి, మిగిలినవి గుట్టను ఖాళీ చేస్తయి. ఆడపిల్లి ఆరు నెలలు నిండకముందే కట్టవచ్చు, రెండు నెలలకు ఈనుతది. ఆపరేషన్ ముందే చేయించండి.

మెడల గంట కడితే చాలనుకోకండి. ఇంగ్లండుల 2021 పరిశోధనల గంటతోని తేడా కనిపించలేదు. మాంసం ఎక్కువున్న తిండి పెడితే ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది, రోజూ ఐదు పది నిమిషాలు ఆడిస్తే 25 శాతం. రాత్రిపూట ఇంట్ల ఉంచుడు అన్నిటికంటె సులువు.

[దృశ్యం: నేల మీద పిగిలిపిట్ట పిల్ల.]

గూట్ల నుంచి దుంకిన పిట్ట పిల్ల సక్కగ ఎగరనీకి కొన్ని రోజులు పడతది. కింద కనిపిస్తే ఇంట్లకు తేకండి, తల్లి అక్కడనే తిరుగుతుంటది. దగ్గరి పొద మీద పెట్టి, ఆ నాలుగు రోజులు పిల్లిని లోపల కట్టేయండి. వెంచర్ కొనేటోళ్లు పార్కు జాగల తంగేడు, రేగు పొదలను ఉన్నవి ఉన్నట్టు ఉంచమని జేసీబీ రాకముందే అడగండి, వచ్చినంక అడిగి లాభం లేదు.