సైకియాట్రీ నర్సు పాఠం చెప్పాలంటే

అందరికీ నమస్కారం.

సైకియాట్రీ వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి, ఎమ్మెస్సీ నర్సింగ్ చదివి నేను టీచింగ్‌లోకి వచ్చినప్పుడు మా ఇంట్లో అందరూ సంతోషించారు. నైట్ డ్యూటీలు తప్పాయి, టెన్షన్ తగ్గింది అన్నారు. ఆ పేషెంట్ల మధ్య నుంచి బయటపడ్డానన్న ఊరట కూడా ఆ మాటల్లో ఉంది. వాళ్ల మీద కోపం లేదు, సమాజంలో ఉన్న భయమే అది. కానీ ఈ సబ్జెక్టు చెప్పే టీచరు వార్డు నుంచి బయటపడకూడదని నా గట్టి నమ్మకం.

ఎందుకో చెబుతాను. చెవిలో గొంతులు వినిపిస్తున్నాయని పేషెంటు భయపడుతుంటే కొత్త స్టూడెంట్ ఏమంటుంది? "ఏమీ లేదమ్మా, అంతా నీ భ్రమ" అంటుంది. లేదా జాలిపడి "అవునా, ఏమంటున్నాయి?" అని తానూ నమ్మినట్టు మాట్లాడుతుంది. మొదటిది ఆమెను ఒంటరిని చేస్తుంది, రెండోది ఆ భ్రమకు బలం ఇస్తుంది. "నాకైతే వినపడటం లేదమ్మా. మీకు వినిపిస్తోందని, భయంగా ఉందని అర్థమవుతోంది. కాసేపు మీ దగ్గరే కూర్చుంటాను" అనాలి. ఈ వాక్యం ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఏ గొంతుతో, ఎంత దూరంలో కూర్చుని, ఎంతసేపు మౌనంగా ఉండి అనాలో మాత్రం పక్కన నిలబడి చూపించాల్సిందే.

ఇంకొకటి. గొంతులు వినిపించడం లాంటి లక్షణాలకు ఇచ్చే హాలోపెరిడాల్ అనే మందు మొదలుపెట్టాక ఒక పేషెంటు కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. "మాట వినడం లేదు, జబ్బు ముదిరింది" అని రిపోర్టులో రాసేస్తారు. అది అకథీసియా కావచ్చు, అంటే మందు వల్లే వచ్చే, మనిషిని కుదురుగా ఉండనివ్వని బాధ. అదే మందు డోసు పెంచితే ఆ మనిషి పరిస్థితి ఏమిటో ఆలోచించండి. కాళ్లు ఎలా కదులుతున్నాయో చూడమని చెప్పే టీచరు అక్కడ ఉండాలి.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవారు అమెరికా సైకియాట్రీ నర్సు, టీచరు హిల్డెగార్డ్ పెప్లౌ. 1931లో అమెరికాలోని పాట్స్‌టౌన్‌లో నర్సింగ్ పూర్తి చేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆర్మీ నర్సుగా ఇంగ్లండ్‌లో, మానసికంగా దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేసే ఆసుపత్రిలో పనిచేశారు. నర్సుకూ పేషెంటుకూ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో భాగమని 1952లో పుస్తకం రాశారు. 1954 నుంచి 20 ఏళ్లు రట్గర్స్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. పేషెంటుతో జరిగిన సంభాషణను స్టూడెంట్లు మాట పొల్లుపోకుండా రాసుకురావాలి, ఆమెతో కూర్చుని దాన్ని విప్పి చూడాలి.

మనం రాయించే ప్రాసెస్ రికార్డింగ్ అదే. పేషెంటు ఏమన్నాడు, నేనేమన్నాను, అప్పుడు నాకేమనిపించింది. ఇందులో మూడోది ప్రాణం. "నాకు భయమేసింది, అందుకే మాట మార్చేశాను" అని ఒక అమ్మాయి నిజాయితీగా రాస్తే ఆ రోజు ఆమె నర్సింగ్ నేర్చుకున్నట్టే. కానీ చాలాచోట్ల ఏం జరుగుతోంది? సీనియర్ల రికార్డు చూసి రాసేస్తారు, మేడమ్ టిక్కు పెట్టేస్తుంది. చూసినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

చట్టం గురించిన పాఠం కూడా వార్డు అనుభవంతోనే చెప్పాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ ప్రకారం పేషెంట్లను గొలుసులతో కట్టకూడదు, బలవంతంగా గుండు చేయించకూడదు, ఇష్టం లేకపోతే యూనిఫాం తొడిగించకూడదు. స్టాఫ్ తక్కువగా ఉన్నారన్న కారణంతో కట్టేయడమూ కుదరదు. రాత్రి డ్యూటీలో అరుస్తున్న పేషెంటు ముందు ఒంటరిగా నిలబడిన నర్సుకు ఈ చివరి మాట బరువేమిటో తెలుస్తుంది. ఆ బరువు తెలిసిన మనిషే దాన్ని క్లాసులో చెప్పాలి.

అందుకే టీచింగ్‌లోకి రావాలనుకుంటున్న స్టాఫ్ నర్సులను అడుగుతున్నాను, తప్పకుండా రండి. కొన్నేళ్లు వార్డులో గట్టిగా పనిచేసి రండి. ప్రిన్సిపాల్ మేడమ్‌లకు ఒక విన్నపం: ఎర్రగడ్డకో, విశాఖ ఆసుపత్రికో పిల్లలను పోస్టింగ్‌కు పంపినప్పుడు టీచరును అటెండెన్స్ తీసుకుని వచ్చేయమనకండి. రోజంతా అక్కడే ఉండనివ్వండి. ఆ గంటలను టీచింగ్ గంటలుగానే లెక్కేయండి.

మీ చేతుల్లో ఉన్న కాగితం మీద ఒక సంభాషణ ఉంది. పేర్లు లేవు. మూడో గడి ఖాళీగా ఉంచాను. పక్కవాళ్లతో కలిసి నింపండి, తర్వాత చదువుకుందాం.