రెండు లోహాల నాణెం ఎంత చేస్తుంది?

నమస్కారం. వలయం ఒక రంగులో, మధ్య బిళ్ళ మరో రంగులో ఉండే ద్విలోహ నాణెం చేతికి రాగానే ఎవరైనా అడిగే ప్రశ్న, ఇది ఎంత చేస్తుందని. నాణెం మీద అచ్చయిన విలువ, అందులోని లోహం ఖరీదు, సేకర్తలు చెల్లించే ధర అనేవి మూడు వేర్వేరు సంగతులు కాబట్టి, ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేము.

ఇటలీ 1982లో తెచ్చిన 500 లీరాల నాణేన్ని తీసుకుందాం. ఆధునిక కాలంలో రోజువారీ చలామణీ కోసం భారీగా ముద్రించిన తొలి ద్విలోహ నాణెంగా దానికి చరిత్రలో స్థానం ఉంది. 2002లో యూరో నాణేలు వచ్చేసరికి, ఒక యూరోకు 1,936.27 లీరాలు అని ముందే స్థిరపరచిన మారకం ప్రకారం దాని విలువ సుమారు 26 సెంట్లు. 2011 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం లీరాల మార్పిడి గడువును ముందుగానే ముగించడంతో ఆ ముఖ విలువ కూడా పోయింది. ఇంత ఘనత ఉన్నా, కోట్ల సంఖ్యలో ముద్రించినందువల్ల అది ఇప్పటికీ చాలా చవకగా దొరుకుతుంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు ముందుగా కొనవలసినది ఇదేనని నా అభిప్రాయం.

దీనికి పూర్తిగా భిన్నమైనది మొనాకో 2007లో విడుదల చేసిన 2 యూరోల నాణెం. నటిగా పేరు పొంది ఆ దేశపు రాణివాసానికి చేరిన గ్రేస్ కెల్లీ మరణించి 25 ఏళ్లయిన సందర్భంగా దాన్ని సుమారు 20,000 మాత్రమే ముద్రించారు. లోహం మామూలు 2 యూరోల నాణేనిదే, ముఖ విలువ కూడా అదే. అయినా సేకర్తలు దానికి వెయ్యి యూరోలకు పైగా చెల్లిస్తున్నారు. 2 యూరోల నాణేలన్నీ సేకరించాలని పట్టుబట్టినవారు ఇరవై వేల కంటే ఎంతో ఎక్కువమంది ఉండటమే దానికి కారణం. పాతదనానికీ ధరకూ ముడిపెట్టేవారు ఈ రెండు నాణేలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

అసలు రెండు లోహాలు ఎందుకు? లోహం ఖరీదు ముఖ విలువను మించితే జనం నాణేలను కరిగించుకుంటారు కనుక టంకశాలలు చవకైన మిశ్రమలోహాలనే వాడతాయి. అయితే చవకైన నాణేనికి నకిలీ తయారుచేయడం సులువు. ఈ చిక్కుకు పరిష్కారంగా మధ్య బిళ్ళ అంచున గాడి చేసి, ముద్ర వేసేటప్పుడు పడే ఒత్తిడికి వలయపు లోహం ఆ గాడిలోకి చొచ్చుకుని బిగుసుకునేలా చేస్తారు. కెనడాలో 1996లో వచ్చిన 2 డాలర్ల నాణేల్లో మొదట కొన్నింటికి మధ్య బిళ్ళ ఊడిపోయింది. అటువంటి నాణెం అమ్మకానికి కనబడితే ముచ్చటపడకండి, సుత్తితో కొట్టి విడదీసినవి కూడా ముద్రణ లోపం పేరుతో అమ్ముడవుతుంటాయి.

2 యూరోల నాణెం మధ్య భాగంలో నికెల్ పొర ఒకటి ఉంటుంది. అందువల్ల ఆ భాగం అయస్కాంతానికి కొద్దిగా అంటుకుంటుంది, వలయం అంటుకోదు. థాయిలాండ్ 10 బాత్‌ల నాణెం కూడా అదే 8.5 గ్రాముల బరువుతో దాదాపు అదే పరిమాణంలో ఉంటుంది, కాని దాని మారకం విలువ ఎంతో తక్కువ. చిల్లరలో ఒకదాని బదులు మరొకటి వచ్చిందా అని చూసుకోవాలి.

కొనేటప్పుడు ఆన్‌లైన్ ప్రకటనల్లో అమ్మేవారు అడిగే ధరను కాక, వేలంలో నిజంగా అమ్ముడైన ధరను చూడండి. ఆ తరువాత ముద్రణ సంఖ్యను, నాణెం స్థితిని పరిశీలించండి. మెరుపు కోసం తోమిన నాణేనికి సహజమైన ఉపరితలం పోతుంది, దానితోపాటు ధర కూడా పడిపోతుంది. దాచేటప్పుడు పీవీసీ కలిసిన మెత్తటి ప్లాస్టిక్ సంచులు వాడకండి. వాటినుంచి వెలువడే రసాయనాల వల్ల రాగి కలిసిన భాగం మీద జిగురుగా పచ్చటి పొర ఏర్పడుతుంది.